పగలు పొయ్యి వెలగని ఊళ్లో ఒక కాఫీ

ఊటీ వెళ్లి వచ్చినవాళ్లు చల్లగాలి గురించి రాస్తారు. నేను ఈ మార్చిలో బొగ్గు గనుల వైపు వెళ్లి వచ్చాను కనుక వేడిగాలి గురించి రాయక తప్పదు. మోకాళ్ల నొప్పులని చెప్పి బడికి వారం రోజులు సెలవు పెట్టాను. మా హెడ్మిస్ట్రెస్ గారు పత్రికలు చదవరన్న ధైర్యంతో నిజం రాస్తున్నాను. వెళ్లేటప్పుడు నా మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి. వచ్చేటప్పుడే నొప్పులు పుట్టుకొచ్చాయి.

నా స్నేహితురాలు కమల గోదావరిఖనిలో పంతులమ్మ. ట్రైనింగ్ రోజుల్లో హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. అప్పటినుంచీ "ఒక్కసారన్న రావే రాజ్యం" అని ఉత్తరాలు రాస్తూనే ఉంది. బందరులో ఎవరికి చెప్పినా "ఎండాకాలం ఆ కొలిమిలోకి ఎందుకమ్మా" అన్నారు. వద్దన్న పని చేయడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. సంచిలో నాలుగు చీరలు, ఒక డబ్బా నిండా కాఫీపొడి పెట్టుకుని రైలెక్కాను. పొద్దున్నే కాఫీ పడకపోతే నేను మనిషిని కానని మా ఆయన నలుగురిలో చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

గోదావరిఖని

రామగుండంలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. కమల, ఆమె భర్త రాజయ్య స్టేషనుకు వచ్చారు. రాజయ్య గనిలో సర్దారు. అంటే షిఫ్టు వాళ్లు దిగేముందు చేతిలో దీపంతో లోపలికి వెళ్లి, గ్యాసు ఉందా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసుకుని, అప్పుడు మిగతావాళ్లను రమ్మనే మనిషి. సన్నగా రివటలా ఉంటాడు. నిప్పు సంగతి తనకు తెలిసినంత అగ్నిదేవుడికి కూడా తెలియదని అతని నమ్మకం.

ఖనిలో నన్ను ఆశ్చర్యపరిచినవి గనులు కావు, పొయ్యిలు. ఏ క్వార్టరు వరండాలో చూసినా బొగ్గుల కుప్ప. ఇంట్లో పొయ్యి రాత్రీ పగలూ రగులుతూనే ఉంటుంది. మా ఇంట్లో అగ్గిపుల్ల గీయాలంటే మా అత్తగారి కనుసన్న కావాలి. ఇక్కడ కమల మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంకో రెండు బొగ్గులు పొయ్యిలో పడేస్తుంది. అడిగినప్పుడల్లా వేడినీళ్లు సిద్ధం. ఆ ఒక్క పూటలో నాలుగు కాఫీలు తాగాను. బజారులో ఇరానీ హోటలు చాయ్ పదిహేను పైసలే, చిక్కగా బాగుంటుంది. కానీ అది చాయ్. కాఫీ కాదు.

సాయంత్రం సర్వపిండి తింటూ రాజయ్య నాకు గని పాఠం చెప్పాడు. సర్వపిండి అంటే బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నెకు అద్ది కాల్చిన రొట్టె. పాఠం కంటే అదే ఎక్కువ ఒంటబట్టింది.

"బాయిల దిగేటప్పుడు జేబులన్ని దేవులాడుతరక్క. బీడీ, అగ్గిపెట్టె ఏదున్నా మీదనే పెట్టి దిగాలె. నా షిఫ్టుల అగ్గిపుల్లతోని దిగినోడు లేడు," అన్నాడు. బాయి అంటే వాళ్ల మాటల్లో గని.

"మరి లోపల బొగ్గే అంటుకుంటే?"

"నీల్లు పోస్తే ఏమైతది? ఆవిరి లేచి మీదికొస్తది. అందుకే గోడ కట్టి మూస్తం. గాలి బంద్ చేస్తే అగ్గి ఎంతటిదైనా పండుకుంటది. గోడ తియ్యకుంటే చాలు."

కమల నా చెవి దగ్గరికి వంగి, "ఇంట్ల పాలు పొంగినా గిదే ఉపన్యాసం," అంది.

మందమర్రి రైల్లో

మర్నాడు రాజయ్య వాళ్ల ఊరికి బయలుదేరాం. మందమర్రి దాకా రైలు, అక్కడినుంచి అడవిలోకి ఎడ్లబండి. తల్లి లచ్చవ్వకు కానుకగా రాజయ్య ఒక గోనెసంచి భుజాన వేసుకున్నాడు. ఎవరైనా తల్లికి చీర తీసుకెళ్తారు, మిఠాయి తీసుకెళ్తారు. అతను బొగ్గు తీసుకెళ్తున్నాడు.

"అవ్వ కట్టెలకని అడివికి పోతది. గీ దినాలల్ల అడివి మంచిగ లేదక్క," అన్నాడు.

మంచిగా లేదని గోదావరి వంతెన దాటి మంచిర్యాల వదిలాక నాకే అర్థమైంది. కిటికీలోంచి చూస్తే దూరపు గుట్టలన్నీ పొగ కప్పుకుని ఉన్నాయి. ఎదురుగా బీడీ ఆకు కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. నా ముఖం చూసి తనే మొదలుపెట్టాడు.

"తునికి చెట్లు కాలవెడ్తరమ్మ. కాలితే కొత్త ఆకు మెత్తగ వస్తది. బీడీకి గదే కావాలె."

"ఆకు కోసం అడవిని కాలుస్తారా?"

"గడ్డం గీస్తే కొత్తది రాదా? గట్లనే," అన్నాడు. ఆయన గడ్డం గీసి కూడా పదిరోజులై ఉంటుంది.

తునికి ఒక్కటే కాదట. ఇప్పపువ్వు రాలే రోజులు కూడా ఇవే. ఎండుటాకుల్లో రాలిన పువ్వు కనపడదు కనుక చెట్టు కింద ఆకులు కాలుస్తారు. ఎవరి నిప్పు వారికి చిన్నదే. గాలి వాటన్నిటినీ ఒకటి చేస్తుంది. మా బందరులో వేసవి అంటే ఉక్కపోత, ఉప్పుగాలి, ముంజలు. ఇక్కడ వేసవి అంటే పొద్దున లేవగానే గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం.

లచ్చవ్వ ఊరు

ఊరి పేరు రాయను. రాస్తే వాళ్లు నన్ను మళ్లీ రానివ్వరేమోనని భయం. పాతిక గడ్డి ఇళ్లు, అందరూ ఒకరికొకరు చుట్టాలే. మేం దిగే వేళకు డప్పు మోగుతోంది. డప్పు కొట్టే ఆయన ఇంటింటి ముందూ ఆగి చాటుతున్నాడు.

"ఇనుండ్రి. గుట్టమీద అగ్గి దిగుతున్నది. పొద్దెక్కినంక ఎవ్వలు పొయ్యి ముట్టియ్యొద్దు. పొద్దుగూకినంకనే ముట్టియ్యాలె. గోళెం నిండ నీల్లుండాలె. తడి సంచి, దోటి ఇంటి ముంగట ఉండాలె. తప్పినోల్లు ఊరి గోళాలన్ని నింపాలె."

గోళెం అంటే ప్రతి ఇంటి ముందూ ఉండే పెద్ద మట్టి తొట్టి. అందులో నీళ్లు అగ్గికే, మనిషికి కాదు. దాహమైనా ముట్టరు. దోటి అంటే కొసన కొక్కెం ఉన్న పొడవాటి కర్ర. మా వైపు దానితో మామిడికాయలు కోస్తాం. ఇక్కడ ఇంటికి నిప్పంటుకుంటే దాని పైకప్పు లాగేస్తారు.

ఈ కట్టుబాటుకు కాపలా ఎవరనుకున్నారు? మా లచ్చవ్వే. కాపురానికి వచ్చిన ఏడు ఒక మిట్టమధ్యాహ్నం ఎవరి పొయ్యిలోనో లేచిన నిప్పురవ్వతో ఊరంతా కాలిపోయిందట. అప్పుడు పెట్టుకున్న కట్టు ఇది. పొద్దెక్కగానే అవ్వ చంకలో నీళ్లకుండతో బయలుదేరి ఇంటింటికీ వెళ్లి పొయ్యిలో చెయ్యి పెట్టి చూస్తుంది. వెచ్చగా ఉంటే మారు మాట్లాడదు, కుండ వంచేస్తుంది. ఆమెకు భయపడని ఇల్లాలు ఆ ఊళ్లో లేదు. వరసకు ఆడపడుచైన పోశక్క అయితే భయంతో పాటు కోపం కూడా పెట్టుకుంది. నిరుడు మనవడికి జ్వరమని గంజి వెచ్చబెడితే అవ్వ ఆమె చేత పాతిక గోళాలూ నింపించింది.

"జరమొస్తే గంజి సల్లగ తాగరాదా?" అని అవ్వ ఇప్పటికీ అంటుంది.

కాఫీ లేని రోజు

మర్నాడు నాలుగింటికే అవ్వ లేచి జొన్నరొట్టెలు కాల్చి, గట్క వండి, పొయ్యి ఆర్పేసింది. నేను లేచింది ఏడింటికి. బూడిద తప్ప ఏమీ మిగల్లేదు.

"అవ్వా, ఒక్క గ్లాసు నీళ్లు వేడి చేసుకుంటానే."

"పొద్దుగూకినంక రెండు గిలాసలు కాచుకో బిడ్డ."

అంతే. గట్క, అంటే ఉడికించిన జొన్నరవ్వ, చల్లారి రాయిలా ఉంది. మామిడికాయ తొక్కు నంజుకుని తిన్నాను. రుచిగానే ఉంది, కాదనను. కానీ పది దాటేసరికి తల పగిలిపోవడం మొదలైంది. పన్నెండుకు కమల ఏం మాట్లాడినా నాకు కోపం వచ్చింది. మగవాళ్లంతా గుట్ట పాదం దగ్గర ఎండుటాకులు ఊడ్చి, నిప్పు దాటకుండా వెడల్పాటి బాట తీస్తున్నారు. ఊరు బతకడానికి వాళ్లు చెమటోడుస్తుంటే నేను కాఫీ కోసం ఏడుస్తున్నాను. సిగ్గేసింది. అయినా తలనొప్పి తగ్గలేదు.

ఆ మరుసటి రోజు కూడా లేవలేకపోయాను. నేను తలకు గుడ్డ కట్టుకుని మూలుగుతుంటే రాజయ్య చూడలేకపోయాడు. ఇంటికొచ్చిన చుట్టం కదా. అవ్వ పొయ్యిలన్నీ చూడటం ముగించి, ఆడవాళ్లతో కలిసి ఆకులు ఊడవడానికి వెళ్లింది. అటు ఆమె వెళ్లగానే ఇటు రాజయ్య దొడ్లో గోడ చాటున నాలుగు ఇటుకలు పేర్చాడు.

"అవ్వ చెప్పింది కట్టెల పొయ్యికక్క. కట్టె చిటపటమంటది, రవ్వలు లేస్తయ్. బాయి బొగ్గు సప్పుడు చెయ్యది. ఫికర్ చెయ్యకు, అగ్గి సంగతి నాకు ఎరుకే."

నేను పంతులమ్మను. వద్దనాలి. "పాలు కాస్త చిక్కగా ఉంటే బాగుంటుంది" అన్నాను.

కమల వాకిట్లో కాపలా నిలబడింది. నేను విసనకర్రతో విసిరాను. బొగ్గు ఎర్రగా రాజుకుంది. ఆ గ్లాసు కాఫీ గురించి ఏం చెప్పను? జీవితంలో అంతటి కాఫీ ఎప్పుడూ తాగలేదు. కమల, నేను చెరో గుక్కా తాగుతూ దొంగల్లా నవ్వుకున్నాం. రాజయ్యకు కాఫీ అక్కర్లేదట. చేసిన పనికి మెచ్చుకుంటే చాలట.

మరి నిప్పు ఆర్పడం? గోళెం నీళ్లు ముట్టకూడదు. పైగా నీళ్లు పోస్తే సుయ్యిమన్న చప్పుడుకు పక్కింటి పోశక్క వస్తుంది. రాజయ్య నవ్వి పార తీసుకున్నాడు. రగులుతున్న బొగ్గులన్నీ పెంటకుప్ప పక్కనున్న గుంతలో వేసి, మీద జానెడు మన్ను కప్పి, పార వెనకతో దబదబా కొట్టి గట్టి చేశాడు.

"ఇగ గాలి బంద్. సచ్చేదాక లేవది," అన్నాడు.

గనిలో అతని లెక్క తప్పేది కాదు. గనిలో కోళ్లుండవు.

గడ్డివాము

మధ్యాహ్నం వడగాలి ఎత్తుకుంది. నేను తలనొప్పి వదిలిన సుఖంలో నులకమంచం మీద కునుకు తీస్తున్నాను. దొడ్లోంచి కమల కేక వినిపించింది. వెళ్లి చూస్తే కోడిపెట్ట ఒకటి పిల్లలను వెంటేసుకుని ఆ గుంత మీద మన్ను చక్కగా గీకి, పక్కకు ఎగదోసి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. గుంతలో బొగ్గు ఎర్రగా నవ్వుతోంది. పక్కనే ఉన్న గడ్డివాము అంచు అప్పటికే అంటుకుంది.

ఆ తరవాత జరిగింది నాకు వరసగా గుర్తులేదు. డప్పు మోగింది. గుట్ట దగ్గర్నుంచి అందరూ పరుగెత్తుకొచ్చారు. అడవి మంట ఊళ్లోకి దూకిందనే అందరూ అనుకున్నారు. పాతిక గోళాల నీళ్లూ చేతులు మారుతూ వచ్చాయి. తడి గోనెసంచులతో మంటను బాదారు. వాము భగ్గుమని లేచి ఇంటి పైకప్పు మీదికి వంగింది. అవ్వ ఇల్లు అంటుకుంటే పక్కన పోశక్క ఇల్లు, దాని పక్కన ఇంకోటి. ఇక ఆపేవాళ్లుండరు.

"నా కప్పు గుంజుండ్రి," అంది లచ్చవ్వ.

ఎవరూ కదల్లేదు. ఆ కప్పు పోయిన నెలలోనే కొత్తగా వేయించింది. అవ్వే దోటి అందుకుని కొక్కెం తగిలించి మొదటి లాగు లాగింది. అప్పుడు పదిమంది దోట్లు పడ్డాయి. ఆ వైపు కప్పు సగం నేలకూలింది. దాన్ని ఈడ్చి తడిపేశారు. మంట వాముతోనే ఆగింది. మనిషికీ గొడ్డుకూ ఏమీ కాలేదు, ఎడ్ల ఎండాకాలం మేత మాత్రం బూడిదైంది.

ఊళ్లోవాళ్లు అవ్వను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆమె గోళాలు నింపించబట్టే ఊరు దక్కిందన్నారు. పోశక్క కూడా, "వదినె నోరు చెడ్డదైనా పని మంచిది," అంది. అడవి మంట రవ్వ ఎంత దూరం ఎగిరిందో అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. కమల, రాజయ్య, నేను ముగ్గురం నేల చూపులు చూస్తున్నాం. నోరు విప్పితే అవ్వ పరువు పోతుందని మాకు మేం చెప్పుకున్నాం. నిజానికి మా పరువు గురించే మా భయం.

అవ్వ బూడిదలో కర్రతో కెలుకుతోంది. వంగి ఏదో తీసి కొంగున వేసుకుంది. కొడుకు వైపు ఒక్కసారి చూసింది.

పొద్దుగూకాక

సాయంత్రం అందరూ వాకిట్లో కూర్చున్నప్పుడు అవ్వ కొంగు విప్పి ఒక నల్లటి గడ్డ నేలమీద పెట్టింది. సగం కాలిన బొగ్గు.

"గిది అడివి బొగ్గు కాదు. బాయి బొగ్గు. నా కొడుకు సంచిల తెచ్చింది. అగ్గి గుట్ట దిగలే. నా దొడ్లనే పుట్టింది."

రాజయ్య లేచి నిలబడ్డాడు. పగలంతా గొంతెత్తి మాట్లాడే మనిషి, మాట కూడదీసుకోవడానికి అవస్థపడ్డాడు.

"నేనే ముట్టిచ్చిన. నేనే మన్ను కప్పిన. అవ్వకు తెల్వది," అన్నాడు.

"నా కాఫీ కోసం," అన్నాను నేను. పెద్దమనుషుల ముందు ఆ మాట ఎంత చిన్నగా వినిపించిందో చెప్పలేను. మా బడిలో తప్పు చేసిన పిల్లలను నిలబెట్టి అడిగినప్పుడు వాళ్లకు ఎలా ఉంటుందో నలభై ఏళ్లకు తెలిసింది.

పోశక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

అవ్వే తీర్పు చెప్పింది. "గోళాలు ముగ్గురు కలిసి నింపుతరు. రేపటిసంది పొయ్యిలు నేను చూడ. నా ఇంట్ల అగ్గి దాచిపెట్టుకొని ఇంకొకల్ల పొయ్యిల చెయ్యి పెడితే ఏం మర్యాద? పోశక్క చూస్తది."

చీకటి పడేలోపు ఇంటికో మోపు చొప్పున అవ్వ ఎడ్లకు గడ్డి వచ్చింది. అడిగినవాళ్లు లేరు, తెచ్చి వేసి వెళ్లారు. నేను కాఫీ పెట్టుకోలేదు. పెట్టుకోమని ఎవరూ అనలేదు కూడా.

పాతిక గోళాలు

తెల్లవారక ముందే బావి దగ్గర చేరాం. రాజయ్య తోడాడు. కమల, నేను మోశాం. గోళెంలో కుండ నీళ్లు పోస్తే అడుగు తడవడం తప్ప పెరిగినట్టే ఉండదు. ఏడో ఇంటికి నడుము, పదో ఇంటికి మోకాళ్లు వాటంతటవే పేర్లు చెప్పుకున్నాయి. ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు, "కాపీ తాగుతవా అక్క?" అని అడుగుతున్నారు. ఊరంతా ఒకే మాట ఎలా నేర్చుకున్నారో తెలియదు. తల వంచుకుని పోసుకుంటూ వెళ్లాను.

పొద్దెక్కాక అవ్వ ఇంటి గోళెం దగ్గరికి వచ్చాం. సగం కప్పు లేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ పడని చోట ఎండ పడుతోంది. అవ్వ పొయ్యి దగ్గర ఒట్టి చేతులతో కూర్చుని ఉంది. ఆ వేళకు ఆమె ఇంట్లో కూర్చోవడం అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. నాకు దుఃఖం వచ్చింది. కాలిపోయిన గడ్డికి ఊరు గడ్డి తెచ్చిచ్చింది. దీనికి నేనేం తెచ్చివ్వగలను?

చంకలో కుండతో పోశక్క వచ్చింది. వచ్చి పొయ్యి ముందు గొంతుకూర్చుంది. బూడిద మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసింది.

"సల్లగున్నది వదినె," అని లేచింది. లేచినా కదల్లేదు. "ఎనిమిది ఇండ్లు చూసిన. అన్ని సల్లగనే ఉన్నయ్. నువ్వు పోయినప్పుడు రోజుకొకటన్న దొరుకుతుండె గదా. నువ్వే రారాదు?"

"నేను రాను," అంది అవ్వ. "కూసో."

పోశక్క మళ్లీ కూర్చుంది. అవ్వ ఆమె మణికట్టు పట్టుకుని, చేతిని బూడిద మీద పెట్టనివ్వకుండా వేళ్లను కిందికి దించి, బూడిద అడుగు దాకా తోసింది.

"మీద అందరిది సల్లగనే ఉంటది. ఆడోల్లకు గంత తెలివి లేదా? కింద చూడు. ఇటుకకు ఆనేదాక పోనియ్యి. నాది కూడ గట్లనే చూడు. రోజు చూడు."

పోశక్క చెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు చూసింది. తరవాత తీసి, బూడిద దులుపుకుని, "సల్లగున్నది," అంది మళ్లీ. ఈసారి ఆ మాట నమ్మబుద్ధయింది.

కుండ చంకన పెట్టుకుని ఆమె తరవాతి ఇంటికి వెళ్లలేదు. వెనక్కి తిరిగి మొదటి ఇంటికి వెళ్లింది. కాసేపటికి ఆ వైపు నుంచి సుయ్యిమన్న చప్పుడు, వెంటనే ఒక ఇల్లాలి తిట్లు వినిపించాయి. ఇంకాసేపటికి రెండో సుయ్యి. అవ్వ వేళ్లు మడిచి లెక్కపెడుతూ, ఎవరిదో గొంతు గుర్తుపట్టి, నాకు వాళ్ల పేరు చెబుతూ కూర్చుంది.